మేత తగ్గిన పశువు : థైరాయిడు గ్రంథి చేయు పొదుపు



వేసవి ప్రవేశించి గడ్డివామి తఱిగిపోవుచున్నప్పుడు ప్రతి రైతు ఇంటను ఒక ప్రశ్న పుట్టును: ఉన్న మేతను ఏ పశువునకు ఎంత వేయవలెను? పాలిచ్చు గేదెకు నాలుగు పరకలు హెచ్చుగా వేయుదుము. వట్టిపోయిన ఆవునకును, చూడి పెయ్యకును, పనిలేని ఎడ్లకును మిగిలినది పడును. "వట్టిపోయినదానికి దాణా యెందుకు? తొలకరి పడి పచ్చిక మొలచిన పిదప అదియే తేరుకొనును" అనుట మన గ్రామములందు పరిపాటి.

ఈ మాటలో కొంత నిజమున్నది. కొంత నష్టమును కలదు. మేత తగ్గినప్పుడు పశువు తన శరీరవ్యయమును తానే తగ్గించుకొనుట నిజము. ఆ తగ్గింపునకు హద్దు కలదనియు, హద్దు దాటినచో దాని మూల్యమును రైతే చెల్లించవలసివచ్చుననియు మఱచుట నష్టము. ఈ పొదుపును నడుపునది పశువు మెడలోనుండు థైరాయిడు అను చిన్న గ్రంథి. అది చేయు పనిని తెలిసికొన్నచో, ఉన్న మేతను ఎక్కడ తగ్గించవచ్చునో ఎక్కడ తగ్గించరాదో మనకు తేటపడును. ఈ నెల పాఠమున ఆ విషయమును వివరింతుము.

1. గ్రంథి యెక్కడ నున్నది? ఏమి చేయును?

పశువు గొంతుకకు కొంచెము దిగువను, గాలిగొట్టమునకు ఇరుప్రక్కలను, రెండు తమ్మెలుగా ఈ గ్రంథి అంటియుండును. ఆరోగ్యవంతమైన పశువునందు అది పైకి కనబడదు. చెమటగ్రంథులకును లాలాజలగ్రంథులకును ఉన్నట్లు దీనికి బయటకు పోవు కాలువ లేదు. అది తయారుచేయు రసము తిన్నగా రక్తములో కలిసి దేహమంతయు తిరుగును. ఇట్టి రసములకు హార్మోనులని పేరు.

థైరాయిడు చేయు హార్మోనులలో ముఖ్యమైనవి రెండు. మొదటిది థైరాక్సిను, దీని యణువునందు నాలుగు అయొడిను పరమాణువు లుండును. రెండవదానియందు మూడే యుండును. దీనికి ట్రై అయొడో థైరొనిను అని పేరు. పేరు దీర్ఘమైనది గనుక శాస్త్రజ్ఞులు మొదటిదానిని టి-4 అనియు రెండవదానిని టి-3 అనియు పిలుతురు. మనమును అట్లే పిలుచుకొందము.

టి-4 గాదెలోని ధాన్యము వంటిది. టి-3 కుండలో ఉడికిన అన్నము వంటిది. గ్రంథినుండి హెచ్చుగా వెలువడునది టి-4. అది కాలేయము, మూత్రపిండములు మున్నగు అవయవములందు ఒక అయొడిను పరమాణువును పోగొట్టుకొని టి-3గా మాఱును. జీవకణములపై బలముగా పనిచేయునది ఈ టి-3 యే. ఆవు రక్తద్రవమున ఒక్కొక్క మిల్లీలీటరునందు టి-3 ఒకటి రెండు నానోగ్రాములు మాత్రమే యుండుట సామాన్యము. నానోగ్రామనగా గ్రాములో నూఱుకోట్లవ వంతు. ఇంత స్వల్పమైన పదార్థము అంత పెద్ద దేహమును శాసించుచున్నది.

దాని శాసనమెట్టిది? మన యింటి లాంతరును తలచుకొనుడు. నూనె తిన్న మేత, మంట జీవక్రియ, వత్తిని పైకి క్రిందికి త్రిప్పు మర థైరాయిడు. టి-3 హెచ్చినచో కణములు ప్రాణవాయువును హెచ్చుగా గ్రహించి, ఆహారమును త్వరగా దహించి, వేడిని పుట్టించును. గుండె వడిగా కొట్టుకొనును. టి-3 తగ్గినచో మంట చిన్నదగును. దూడ యెదుగుదలకును, వెండ్రుకలు మొలచుటకును, మెదడు వృద్ధికిని, ఎదకు వచ్చుటకును ఈ హార్మోను తగుపాళ్లలో నుండవలెను.

ఈ మరను త్రిప్పు చేయి వేఱొకటి కలదు. మెదడు అడుగుభాగమున పీయూషగ్రంథి యుండును. రక్తమున థైరాయిడు హార్మోను తగ్గినచో అది థైరాయిడును ప్రేరేపించును, హెచ్చినచో ఊరకుండును. పీయూషగ్రంథికి పైన మెదడుభాగ మొకటి అధికారిగా నున్నది. పశువు కడుపునిండ తినుచున్నదా, ఒంట క్రొవ్వున్నదా, ఎండయా చలియా అను వార్తలన్నియు ఆ భాగమునకు చేరుచుండును.

2. ఈ జ్ఞానము కలిగిన విధము

అయొడినును 1811వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున కూర్ట్వా అనునాతడు సముద్రపు నాచు బూడిదనుండి కనుగొనెను. 1895లో జర్మనీ దేశమున మాగ్నస్ లెవీ అను వైద్యుడు, థైరాయిడు పదార్థమును సేవించినవారు ప్రాణవాయువును హెచ్చుగా వినియోగింతురని కొలిచి చూపెను. ఇంచుమించు అదేకాలమున బౌమన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ గ్రంథియందు అయొడిను ఉన్నదని నిరూపించెను. 1914 డిసెంబరు 25వ తేదీన అమెరికాలో కెండాల్ థైరాక్సినును స్ఫటికరూపమున వేఱుచేసెను. 1926లో ఇంగ్లండునందు హారింగ్టన్ దాని నిర్మాణమును తేల్చెను. 1952లో గ్రాస్, పిట్-రివర్స్ అనువారు టి-3ను ప్రకటించిరి. టి-4ను టి-3గా మార్చు ఎంజైములకు సెలీనియమను ఖనిజము అవసరమని 1990 ప్రాంతమున తెలిసినది. ఇట్లు ఒక చిన్న గ్రంథిని తెలిసికొనుటకు నూఱేండ్లకు పైగా పట్టినది.

3. మేత తగ్గినప్పుడు దేహమున జరుగునది

పశువునకు వలసినంత మేత దొరకని యెడల ముందుగా రక్తమునందలి టి-3 తగ్గును. తగ్గుట రెండు విధముల జరుగును. మొదటిది: మెదడునుండి వచ్చు ప్రేరణ తగ్గి థైరాయిడు పని మందగించును. రెండవది: కాలేయమునందు టి-4 టి-3గా మాఱుట తగ్గి, అందు కొంత భాగము పనిచేయని వేఱొక రూపముగా మాఱిపోవును. అనగా గాదెలో ధాన్యమున్నను వంట తగ్గించినట్లు. పశువు పూర్తిగా పస్తున్నప్పుడు ఈ మార్పు కొలది దినములలోనే కనబడును. అరకొఱ మేతతో వారములు గడచినను కనబడును.

దీనితోపాటు దేహమున మఱియొక మార్పు జరుగును. కాలేయమును, జీర్ణకోశమును, ప్రేవులును పశువు బరువులో సుమారు పదవ వంతు మాత్రమే యైనను, దేహము వినియోగించు ప్రాణవాయువులో ఇంచుమించు సగము వాటికే చెల్లును. అవి ఎల్లప్పుడు పనిచేయు వంటశాల వంటివి. మేత తగ్గినపుడు ఈ అవయవముల బరువు కొలది వారములలోనే తగ్గును. వంటవారిని తగ్గించిన గృహస్థువలె దేహము తన నిత్యవ్యయమును తగ్గించుకొనును.

ఈ విషయమును కొలిచి చూపినవారిలో స్కాట్లండునకు చెందిన హన్నా పాడిపరిశోధనాలయమున పనిచేసిన కెన్నెత్ బ్లాక్స్టర్ ప్రముఖుడు. గొఱ్ఱెలను, ఎడ్లను ప్రత్యేకమైన గదులలో నుంచి అవి పుట్టించు వేడిని దినదినము కొలుచుట ఆయన పద్ధతి. నెమరువేయు పశువుల శక్తివినియోగమును గూర్చి ఆయన రచించిన గ్రంథము 1962లో వెలువడినది. పశువు ఊరక నిలుచున్నప్పుడు చేయు వ్యయము స్థిరమైనది కాదనియు, అంతకుముందు అది తినిన మేతనుబట్టి హెచ్చుచు తగ్గుచుండుననియు ఇట్టి పరిశోధనలవలన స్థిరపడినది.

ఎండయు ఈ మరను క్రిందికే త్రిప్పును. వేడి హెచ్చినప్పుడు దేహము లోపలి మంటను తగ్గించుకొనుటకు థైరాయిడు నెమ్మదించును. పశువు తినుటయు తగ్గించును. వైశాఖమాసమున మన పశువులకు మేతకొఱతయు, ఎండయు ఒక్కసారి తగులును. అందువలననే ఆ దినములలో అవి తలలు వ్రేలవేసి మందముగా నుండును. చల్లని వేళలందు, అనగా తెల్లవారుజామునను రాత్రియు, మేత వేసినచో కొంత హెచ్చుగా తినును. త్రాగునీటిని నీడలో నుంచవలెను. గేదెను మడుగులో వదలుటయో, నీళ్లు చల్లుటయో చేయవలెను.

జాతిభేదమును కలదు. మూపురముగల మన దేశవాళీ పశువులు ఐరోపా మాంసపు జాతులకంటె నిత్యవ్యయమునకు సుమారు పదింట ఒక వంతు తక్కువ శక్తితో సరిపెట్టుకొనగలవు. మన ఒంగోలు జాతి బ్రెజిలు దేశమునకు పోయి, నెల్లూరు పేరుమీదుగా నెలోరే అను పేర అక్కడ విస్తరిల్లుటకు ఈ ఓర్పుకూడ ఒక కారణము. జెర్సీ, హోల్స్టీను సంకరజాతి ఆవులకు ఈ ఓర్పు తక్కువ. కనుక ఒకే కొట్టములో ఉన్నను ఒంగోలు ఆవునకు చాలిన మేత సంకరజాతి ఆవునకు చాలదు.

4. మేత తిరిగి హెచ్చినప్పుడు

తొలకరి తరువాత పచ్చిక దొరకగానే టి-3 కొలది దినములలో పెరుగ నారంభించును. కాని తగ్గిన కాలేయము, ప్రేవులు పూర్వపు బరువునకు వచ్చుటకు కొన్ని వారములు పట్టును. ఈ నడుమ కాలమున మేత హెచ్చుగాను, నిత్యవ్యయము తక్కువగాను ఉండును. మిగిలినదంతయు ఒంటికి పట్టును. వేసవిలో ఎండిన పెయ్యలు, కోడెలు శ్రావణ భాద్రపదములలో ఆశ్చర్యముగా పెరుగుట మనము చూచుచున్నదే. దీనినే శాస్త్రజ్ఞులు పరిహారవృద్ధి యందురు. "తానే తేరుకొనును" అను మాటలోని నిజ మిదియే.

ఇందు మూడు సంగతులు మఱువరాదు. మొదటిది, మొదటి పది దినములలో కనబడు బరువు చాలవఱకు కడుపులోని మేతయు నీరునే గాని మాంసము కాదు. రెండవది, మిక్కిలి చిన్నవయస్సున ఎండిపోయిన దూడ పూర్తిగా తేరుకొనదు. దాని యెదుగుదల శాశ్వతముగా కుంటుపడవచ్చును. మూడవది, ఆకలిగొన్న పశువునకు ఒక్కసారిగా గింజలు, నూక, గంజి, అన్నము హెచ్చుగా పెట్టరాదు. దాని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు అప్పటికి గడ్డికే అలవాటుపడియుండును. గింజ హెచ్చినచో పులుపు పుట్టి పశువు మేత మాని, పారుకొని, మరణించుటయు కలదు. దాణాను రెండు మూడు వారములలో క్రమక్రమముగా హెచ్చింపవలెను.

5. ఈ పొదుపు చెల్లని పశువులు

వత్తి తగ్గించిన లాంతరు ఎక్కువసేపు వెలుగును గాని దాని వెలుగున చదువుట కుదరదు. పశువును అట్లే. అది బ్రతుకును గాని మనకు వలసిన పని చేయదు. ఈ క్రింది నాలుగు తరగతుల పశువుల విషయమున మేత తగ్గించుట మనకే నష్టము.

చూడి పశువులు: కడుపులోని దూడ బరువులో సగమునకు మించినభాగము చివరి రెండు మూడు నెలలలోనే పెరుగును. అప్పుడు తల్లికి చాలినంత మేతలేనిచో తన కండను, క్రొవ్వును కరగించి దూడకు పెట్టును. దూడ బలహీనముగా పుట్టును. తల్లి ఈనిన తరువాత తన ఒంటిని నిలుపుకొనుటకే చాలక, నెలలు గడచినను ఎదకు రాదు. దేహమున శక్తి లేదను వార్త మెదడునకు చేరి, థైరాయిడుతోపాటు అండాశయమును ప్రేరేపించు హార్మోనులును తగ్గుటయే దీనికి కారణము.

క్రొత్తగా ఈనిన పశువులు: హెచ్చుపాలిచ్చు ఆవు ఈనిన తరువాత కొన్ని వారములవఱకు తన పాలకు చాలినంత తినలేదు. ఆ దినములలో దాని రక్తమున థైరాయిడు హార్మోనులు తక్కువగా నుండుట సహజము. దేహము ఇతర వ్యయమును తగ్గించి ఆహారమును పొదుగునకు మళ్లించుచున్నదన్నమాట. అప్పుడు మనము మేతయు తగ్గించినచో పాలు తగ్గును, ఒడలు చిక్కును, చూలు ఆలస్యమగును.

చిన్నదూడలు: వీటి విషయము పైన చెప్పితిమి. దూడవంతు పాలను పూర్తిగా పిండుకొనుట రేపటి ఆవును నేడే అమ్ముకొనుట.

పని ఎడ్లు: వేసవిలో చిక్కిన ఎడ్లను ఏరువాకనాడు కాడికి కట్టినచో అవి ఆరంభముననే అలసిపోవును. కండ కరగిపోయినది గనుక బలముండదు. ఏరువాకకు నెలదినములు ముందుగానే దాణా మొదలుపెట్టవలెను.

తప్పనిసరియైనప్పుడు కొంత తగ్గించుటకు వీలైన తరగతి ఏదనగా, ఆఱు నెలల వయస్సు దాటి ఆరోగ్యముగా నున్న చూడిలేని పెయ్యలు, కోడెలు; పనిలేని ఎడ్లు; ఒంటిపై మంచి కండగల వట్టిపశువులు. వీటికిని ప్రక్కటెముకలన్నియు బయటపడునంతవఱకు తగ్గింపరాదు. పెయ్యలను దీర్ఘకాలము అరకొఱ మేతతో నుంచినచో మొదటి ఎద ఆలస్యమగును.

6. మరను బలవంతముగా త్రిప్పిన కథ

థైరాయిడు హార్మోను జీవక్రియను హెచ్చించునని తెలిసిన పిమ్మట, ఆవులకు దానినే పెట్టి పాలు హెచ్చింపరాదా యను ఆలోచన కొందఱికి కలిగెను. 1934లో గ్రాహం అను శాస్త్రజ్ఞుడు ఆవులకు థైరాయిడు పదార్థమునిచ్చి పాలు హెచ్చుట గమనించెను. తరువాత పాలలోని కేసీను అను మాంసకృత్తునకు అయొడినును కలిపి థైరాక్సినువలె పనిచేయు చవుకయైన పదార్థమును తయారుచేసిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, ఇంగ్లండునందు పాలకొఱత యుండగా, బ్లాక్స్టరును మఱికొందఱును దీనిని ఆవులకు పెట్టి పరీక్షించిరి. అమెరికాలోను అట్టి ప్రయత్నములు జరిగెను.

ఫలితమేమి? పాలు మొదట హెచ్చినవి. వెన్నయు హెచ్చినది. కాని ఆవు గుండె వడిగా కొట్టుకొనెను, ఊపిరి హెచ్చెను, ఒడలు చిక్కెను. బరువు నిలుపుటకు మేతను చాల హెచ్చుగా పెట్టవలసివచ్చెను. కొంతకాలమునకు పాలలోని హెచ్చుదల తగ్గిపోయెను. మందు మానినతోడనే పాలు మునుపటికంటె పడిపోయెను. వేసవి వేడిలో ఇట్టి ఆవు మఱింత బాధపడును. కావున ఈ పద్ధతి పాడిలో నిలువలేదు.

ఈ కథ చెప్పుటకు కారణము కలదు. నూనె లేని లాంతరులో వత్తి పెంచినచో వత్తియే కాలిపోవును. హార్మోను మేతకు బదులుకాదు. ఎవడైనను పాలు హెచ్చించు సూదిమందనియు, పొడియనియు తెచ్చినప్పుడు పశువైద్యుని అడుగక కొనరాదు.

7. అయొడిను కొఱతయు, అడ్డుపడు మేతలును

మేత చాలినంత యున్నను, అందు అయొడిను లేనిచో గ్రంథి హార్మోనును చేయలేదు. చేయవలెనను ప్రేరణ పైనుండి వచ్చుచునే యుండుటవలన గ్రంథి ఉబ్బును. దీనినే గళగండ మందురు. తల్లికి అయొడిను లేనియెడల దూడ చచ్చిగాని, వెండ్రుకలు లేకగాని, మెడ ఉబ్బి బలహీనముగాగాని పుట్టవచ్చును. హిమాలయ పాదప్రాంతములు ఈ కొఱతకు పేరొందినవి. ఇతరచోట్లను ఇది లేకపోలేదు. పశువు తిను పొడిమేత కిలో ఒక్కింటికి అయొడిను సుమారు అర మిల్లీగ్రాము చాలును. పెద్దపశువునకు దినమునకు 30 మొదలు 50 గ్రాముల మంచి ఖనిజ లవణ మిశ్రమము ఇచ్చినచో ఈ యవసరము తీఱును. మంచిదిగదాయని మితిమీరి ఇచ్చుటయు హానియే.

కొన్ని మేతలు అయొడినుకు అడ్డుపడును. ఆవజాతి మొక్కలును, కోసుకూర ఆకులును హెచ్చుగా పెట్టుట మంచిదికాదు. గోదావరి మెట్టప్రాంతములందు పండు కఱ్ఱపెండలపు ఆకునందును, తొక్కయందును విషపదార్థ మొకటి కలదు; దేహము దానిని విఱిచినప్పుడు పుట్టు పదార్థము గ్రంథికి అయొడిను చేరనీయదు. ఎండబెట్టి, కొద్దిగా, ఇతర మేతతో కలిపి వేయవలెను. నీరులేక వాడిన లేతజొన్నయందును అట్టి విషమే యుండును; అది హెచ్చైనచో గళగండము మాట యటుండగా పశువు గడియలలో కూలిపోవును. పూతకు వచ్చినపిదపనే జొన్నను మేపవలెను.

సుబాబుల్ విషయము వేఱుగా చెప్పవలెను. కృష్ణా, గుంటూరు, ప్రకాశము ప్రాంతముల రైతులు దీనిని కాగితపు గుజ్జుకొఱకు పెంచుచు ఆకును మేపుచున్నారు. ఈ యాకులో మాంసకృత్తు సమృద్ధిగా నున్నది. కాని ఇందలి మైమోసిను అను పదార్థము పెద్దపొట్టలో మార్పుచెంది థైరాయిడును అణచునట్టి విషమగును. ఆస్ట్రేలియాలో దీనిని మేసిన పశువులు గళగండముతో చిక్కిపోగా, హవాయి దీవుల మేకలు ఏబాధయు లేక మేయుచుండుట రేమండ్ జోన్స్ అను శాస్త్రజ్ఞుడు గమనించెను. ఆ మేకల పొట్టలో ఈ విషమును విఱిచివేయు సూక్ష్మజీవి కలదని తేలెను. 1980ల కాలమున ఆ మేకల పొట్టరసమును ఆస్ట్రేలియా పశువులకిచ్చి బాధను తొలగించిరి. ఆ సూక్ష్మజీవులలో నొకదానికి 1992లో జోన్స్ పేరే పెట్టబడినది. మన దేశపు పశువులందును ఇట్టి సూక్ష్మజీవు లుండుట కనుగొనబడినది. అయినను సుబాబులు ఆకును మొత్తము మేతలో మూడవవంతునకు మించనీయక, క్రమముగా అలవాటుచేయుట క్షేమము.

ఇక్కడ ఒక హెచ్చరిక. మెడవాపులన్నియు గళగండము కావు. తొలకరి వానలలో ఒక్కసారిగా తీవ్రమైన జ్వరముతో గొంతు వాచి, గురకపెట్టి, ఒకటి రెండు దినములలో పశువును చంపునది గొంతువాపు లేక గురకజబ్బు. అది సూక్ష్మజీవులవలన వచ్చు అంటువ్యాధి. దానికి వర్షములకు ముందే టీకా వేయింపవలెను. జబ్బు కనబడినచో గడియయు ఆలసింపక పశువైద్యుని పిలువవలెను. దవడ క్రింద మెత్తగా నీరు దిగి పశువు క్రమముగా నీరసించుట తఱచుగా కాలేయపు జలగలవలనను, పొట్టపురుగులవలనను కలుగును. జ్వరము లేక, నెలల తరబడి, గొంతుకకు దిగువ ఇరుప్రక్కలను గట్టిగా పెరుగునదియే గళగండమని అనుమానింపవలెను.

8. లెక్క చేసి చూతము

ముందు పశువు బరువును తెలిసికొనవలెను. తక్కెడ అక్కఱలేదు. ముందుకాళ్ల వెనుకగా ఛాతీ చుట్టుకొలతను అంగుళములలో తీసికొని, దానిని దానితోనే హెచ్చింపుడు. భుజపుమొననుండి తోకప్రక్క ఎముకవఱకు గల పొడవుచేత మరల హెచ్చింపుడు. వచ్చినదానిని 660 చేత భాగించినచో బరువు కిలోలలో సుమారుగా వచ్చును. చుట్టుకొలత 60, పొడవు 52 అంగుళములైనచో, 60ని 60చేత హెచ్చింపగా 3,600; దానిని 52చేత హెచ్చింపగా 1,87,200; 660చేత భాగింపగా సుమారు 284 కిలోలు.

ఇప్పుడు 300 కిలోల వట్టి ఆవును తీసికొందము. పాలులేక, పనిలేక, ఉన్న బరువుతో నిలుచుటకు దానికి దినమునకు జీర్ణమగు పోషకపదార్థము మొత్తము సుమారు 2.36 కిలోలును, అందు జీర్ణమగు మాంసకృత్తులు సుమారు 200 గ్రాములును వలయును. మనము అయిదున్నర కిలోల వరిగడ్డి వేసితిమనుకొనుడు. తేమపోగా అది 5 కిలోలు. వరిగడ్డిలో జీర్ణమగునది నూటికి సుమారు 40 పాళ్లు. అనగా 2 కిలోలు. మాంసకృత్తు ఇంచుమించు సున్న. శక్తిలో 360 గ్రాములు తక్కువ. మాంసకృత్తులో మొత్తము తక్కువ. కొఱతను పశువు తన కండనుండి తీర్చుకొనవలెను. థైరాయిడు వత్తిని తగ్గించునది ఇప్పుడే.

దీనికి అరకిలో వేరుశనగచెక్కను చేర్చుడు. సుమారు 200 గ్రాముల మాంసకృత్తును, 350 గ్రాముల పోషకపదార్థమును చేరును. లెక్క సరిపోయినది. అంతేకాదు, పొట్టలోని సూక్ష్మజీవులకు నత్రజని దొరకుటచే అదే గడ్డి బాగుగా జీర్ణమగును. చెక్క బూజుపట్టినది కారాదు. బూజునందు కాలేయమును చెఱచు విషముండును. దినమునకు రెండు మూడు కిలోల పచ్చిమేత దొరకినను విటమినుల కొఱత కొంత తీఱును.

చూడి చివరి రెండు నెలలలో దీనిపైన కిలో మొదలు కిలోన్నరవఱకు దాణా చేర్చవలెను. పాలిచ్చు ఆవునకు ప్రతి రెండున్నర లీటర్లకును, గేదెకు ప్రతి రెండు లీటర్లకును ఒక్కొక్క కిలో దాణా చేర్చుట వాడుకలోని లెక్క.

లాభనష్టములు చూతము. మూడు నెలల వేసవిలో అరకిలో చొప్పున చెక్క మొత్తము 45 కిలోలు. ఇది మిగిల్చితిమనుకొని సంతోషింతుము. ఆ ఆవు చిక్కిపోయి మూడు నెలలు ఆలస్యముగా చూలుకట్టినచో, పాలులేని ఆ 90 దినములు దానికి అయిదున్నర కిలోల చొప్పున 495 కిలోల గడ్డి వేయవలెను. మూడు నెలల పాల ఆదాయమును ఆలస్యమగును. ఏది హెచ్చో మీరే మీ గ్రామపు ధరలతో లెక్కకట్టుడు.

9. సంఘము చేయదగిన పని

ఒంటిగా ఈ పొదుపును సాధించుట కష్టము. వేసవిలో చెక్కధర హెచ్చును. చేతిలో డబ్బు తక్కువ. కావున సంఘములు పంటచేతికి వచ్చిన కాలముననే చెక్కను, తవుడును, ఖనిజ మిశ్రమమును మొత్తముగా కొని, తడి తగులని గోదాములో నిలువచేసి, సభ్యులకు వేసవిలో అప్పుమీద ఇచ్చి పాలడబ్బులో మినహాయించుకొనవచ్చును. మాఘమాసములోగా ప్రతి సభ్యుని ఇంట నున్న చూడి పశువుల పట్టికను, అవి ఈను నెలలను వ్రాసికొన్నచో, ఎవరికి ముందుగా దాణా అందవలెనో తెలియును. మేత తక్కువైన సంవత్సరమున పంపకము బలముగలవానినిబట్టి గాక అవసరమునుబట్టి జరుగుటకు ఆ పట్టికయే ఆధారము.

10. జ్ఞాపకముంచుకొనవలసినవి

మేత తగ్గినప్పుడు పశువు థైరాయిడు ద్వారా తన వ్యయమును తగ్గించుకొనును. అది ప్రాణరక్షణకే గాని మన లాభమునకు కాదు. ఎదిగిన పెయ్యలు, కోడెలు కొంత ఓర్చుకొని వానకాలమున తేరుకొనును. చూడివి, ఈనినవి, చిన్నదూడలు, పనికి సిద్ధము కావలసిన ఎడ్లు ఓర్చుకొనలేవు. మేతను తగ్గించుటయు హెచ్చించుటయు క్రమముగా జరుగవలెను. ఖనిజ మిశ్రమము ఏటి పొడవునను ఇయ్యవలెను. హార్మోను మందు మేతకు బదులుకాదు.

రాబోవు సంఘసమావేశమున సభ్యులు ఈ ప్రశ్నలను చర్చింతురు గాక:

ఒకటి, మీ కొట్టములో ఈ వేసవిలో మేత తగ్గింపరాని పశువు లెన్ని? తగ్గింపదగినవి యెన్ని?

రెండు, మీ ఆవు బరువును కొలతచే లెక్కించి, ఇప్పుడు వేయుచున్న మేత దానికి చాలునో లేదో చెప్పుడు.

మూడు, పోయిన సంవత్సరము ఈనిన పశువులలో ఆలస్యముగా ఎదకు వచ్చినవి యేవి? ఈనుటకు ముందు రెండు నెలలు వాటికి ఏమి వేసితిరి?

మూడవ ప్రశ్నకు నిజమైన జవాబు వ్రాసికొన్న రైతు ఈ పాఠమును మరల చదువ నక్కఱలేదు.